సిగరెట్ మానేసినవాళ్ళని కూడా అడగండి

సంపాదకుడు గారికి నమస్కారం,

మా నాన్న ముప్పై ఏళ్ళు రోజుకో పెట్టె సిగరెట్లు తాగి, పోయే నాటికి మానేసి తొమ్మిదేళ్ళయింది. మానేశారు కదా ఇక గండం గడిచింది అనుకున్నాం ఇంట్లో అందరం, ఆయనా అదే అనుకున్నారు. షుగర్ కోసం బీపీ కోసం డాక్టర్ దగ్గరికి వెళ్ళి వస్తూనే ఉండేవారు గానీ ఒకప్పుడు ఎంత తాగేవారు, ఎన్నేళ్ళు తాగారు అని అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు. దగ్గు పట్టుకుంటే ఎక్స్‌రే తీసి బాగానే ఉందన్నారు, ఆ మాటతో ఊరుకున్నాం. అసలు సంగతి తెలిసేసరికి ఊపిరితిత్తుల క్యాన్సర్ ఎముకల దాకా పాకిపోయింది.

ఆయన పోయాక కూర్చుని చదివితే తెలిసింది, ఆ క్యాన్సర్‌ని ముందే పట్టుకునే లో డోస్ సీటీ స్కాన్ అనేది సరిగ్గా ఇలాంటి మనుషుల కోసమే ఉందని. ఇంజెక్షన్ ఉండదు, కొద్ది నిమిషాల్లో అయిపోతుంది, రేడియేషన్ కూడా మామూలు సీటీ కంటే చాలా తక్కువ. అమెరికాలో 53 వేల మందికి పైగా ఇప్పటికీ తాగేవాళ్ళనీ మానేసినవాళ్ళనీ కలిపి రెండు గుంపులు చేసి ఒకరికి ఈ స్కాన్, ఇంకొకరికి ఎక్స్‌రే తీశారు, 2011లో ఫలితాలు వస్తే స్కాన్ గుంపులో ఊపిరితిత్తుల క్యాన్సర్ చావులు 20 శాతం తగ్గాయి. మేం ఎక్స్‌రే చూసి నిశ్చింతగా ఉన్నాం కదా అని గుర్తొస్తే ఇప్పటికీ నిద్ర పట్టదు.

అమెరికాలో 2021 నుంచి ఉన్న సిఫారసు ఏంటంటే 50 నుంచి 80 ఏళ్ళ మధ్య వయసు, రోజుకో పెట్టె చొప్పున 20 ఏళ్ళు తాగినంత లెక్క (రెండు పెట్టెలైతే పదేళ్ళకే ఆ లెక్క వచ్చేస్తుంది), ఇప్పటికీ తాగుతున్నా లేదా మానేసి 15 ఏళ్ళు దాటకపోయినా ఏటా ఒకసారి స్కాన్. మా నాన్న ప్రతి లెక్కకీ సరిపోయేవారు. ఇది ఏ ఇబ్బందీ లేనివాళ్ళకి చేసే పరీక్ష అండీ, దగ్గులో రక్తం పడుతున్నా బరువు తగ్గిపోతున్నా స్క్రీనింగ్ కోసం చూడకుండా వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి.

స్కాన్‌లో మచ్చ కనబడగానే హడలిపోకూడదని కూడా జనానికి ముందే చెప్పాలి, నేను పైన చెప్పిన ఆ అమెరికా పరిశోధనలోనే అనుమానం అన్నవాటిలో 90 శాతం పైన క్యాన్సర్ కాదని తేలాయి. అవి తేలేదాకా మళ్ళీ స్కాన్లు, ఒక్కోసారి బయాప్సీ (చిన్న ముక్క తీసి పరీక్షించడం), ఆ భయం తక్కువేం కాదు. అయినా చేయించుకోమనే అంటాను.

ఇంకో అడ్డు సిగ్గు. "తాగాడు, అనుభవిస్తున్నాడు" అని చుట్టాలే అన్నారు మా నాన్నని, అలాంటి మాటలు పడ్డాక ఎవరు నోరు తెరిచి నాకు స్కాన్ కావాలని అడుగుతారు? జన్మలో సిగరెట్ ముట్టనివాళ్ళకీ ఈ జబ్బు వస్తుంది, వాళ్ళనీ అలాగే అనుమానంగా చూస్తారు.

అందుకే అడిగేదాకా ఆగకుండా పిలవాలి. బ్రిటన్‌లో స్కానర్‌ని లారీలో పెట్టుకుని సూపర్‌మార్కెట్ పార్కింగుల దాకా వెళ్ళారు, ఆస్ట్రేలియాలో 2025 జూలై నుంచి అర్హులైనవాళ్ళకి ఉచితంగా చేస్తున్నారు. ఎక్కడైనా ప్రభుత్వాలు ఇలా మనుషుల దగ్గరికి వెళ్తేనే పని జరుగుతుంది, ఖర్చు పెట్టుకోగలిగినవాళ్ళకే పరిమితమైతే ఎక్కువ తాగేవాళ్ళకే అందదు. డాక్టర్లు బీపీ చూసినట్టే సిగరెట్ లెక్క కూడా అడిగి, మానేసిన సంవత్సరంతో సహా చీటీ మీద రాయాలి.

మీ ఆరోగ్యం పేజీలో ఆ వయసూ ఆ పెట్టెల లెక్కా పెద్ద అక్షరాలతో ఒక బాక్సు కట్టి వేయండి సార్, ఒక్కసారి వేసి వదిలేయకుండా నెలకోసారైనా.

ఇట్లు,
మీ పాఠకురాలు