లోపం చూపించిన విద్యార్థికి చట్టంలో రక్షణ కావాలి

కేంద్ర కమ్యూనికేషన్ల శాఖ మంత్రి గారికి నమస్కారం.

నేను హనుమకొండలో ఇంజినీరింగ్ విద్యార్థులకు వైర్‌లెస్ నెట్‌వర్కుల పాఠాలు చెప్పే అధ్యాపకుణ్ని. 2023 నాటి టెలికమ్యూనికేషన్ల చట్టం గురించి మీకు రాస్తున్నాను. అనుమతి లేకుండా టెలికాం నెట్‌వర్కులోకి చొరబడినా, చొరబడాలని ప్రయత్నించినా 42వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, 2 కోట్ల రూపాయల వరకు జరిమానా, లేదంటే రెండూ పడతాయి. దొంగకు ఆ శిక్ష పడాల్సిందే. కానీ దొంగ ఏ దారిన రాగలడో ముందే కనిపెట్టి చెప్పేవాణ్ని వేరుగా చూడాలన్న మాట ఆ సెక్షన్‌లో లేదు.

మా దగ్గర ఈ భయం ఊరికే పుట్టలేదు. మా విద్యార్థి ఒకడు వాళ్ల అమ్మకు తోడుగా ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఉన్నాడు. అక్కడి వైఫై లాగిన్ పేజీ అడ్రసులో చివరి అంకె మార్చగానే వేరొకరి పేరు, ఫోన్ నంబరు కనిపించాయి. ఆ వివరాలు దాచుకోలేదు, ఎవరికీ పంపలేదు. యాజమాన్యానికి ఉత్తరం రాశాడు. జవాబుగా పోలీసు కేసు పెడతామని ఫోన్ వచ్చింది. ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి తెచ్చిన వాళ్ల నాన్న అటు నుంచి అటే కాలేజీకి వచ్చి, "మా పోరడు ఏం తప్పు జేసిండు సార్?" అని అడిగాడు. తప్పేమీ లేదని చెప్పగలిగాను గానీ, కేసు కాదని భరోసా ఇవ్వలేకపోయాను. ఆ అబ్బాయి ఆ తర్వాత సైబర్ సెక్యూరిటీ వైపే చూడలేదు.

అలాంటి పిల్లలు చేయాల్సిన పని చాలా ఉంది. 2జీలో టవర్ ఫోన్‌ను తనిఖీ చేస్తుంది గానీ, ఆ టవర్ అసలుదో కాదో తెలుసుకునే దారి ఫోన్‌కు లేదు. 3జీ నుంచి రెండు వైపులా తనిఖీ వచ్చినా, 2జీ సిగ్నల్‌కు దిగే ఫోన్లు ఇంకా కోట్లలో ఉన్నాయి. కారులో నకిలీ టవర్ పెట్టుకుని, చుట్టుపక్కల ఫోన్లను 2జీకి దించి, బ్యాంకు పేరుతో మోసపు మెసేజ్‌లు పంపినవాళ్లను లండన్‌లో, బ్యాంకాక్‌లో పోలీసులు పట్టుకున్నారు. మేడారం జాతర తలుచుకుంటే నాకు టెన్షన్ వస్తుంది. అడవి మధ్య లక్షల మంది, తాత్కాలిక టవర్లు, దొరికిన సిగ్నల్‌నే పట్టుకునే బటన్ ఫోన్లు. అక్కడ నకిలీ టవర్ లేస్తే ఎలా గుర్తించాలో తేల్చే పరిశోధన వరంగల్‌లో జరగకపోతే ఇంకెక్కడ జరుగుతుంది?

క్లాసులో మా సొంత ఫోన్లతో ఒక ప్రయోగం చేయిస్తాను. పాత ఫోన్ వైఫై కోసం వెతికేటప్పుడు గతంలో కలిసిన నెట్‌వర్కుల పేర్లను పైకే పిలుస్తుంటుంది. ఒకమ్మాయి పాత ఫోన్ పెడితే మా ల్యాప్‌టాప్ తెర మీద వాళ్ల ఇంటి వైఫై పేరు, హైదరాబాద్‌లో ఆమె చదివిన కోచింగ్ సెంటర్ పేరు, ఒక స్కానింగ్ సెంటర్ పేరు వరసగా పడ్డాయి. ఆమె వెంటనే ఫోన్ ఆఫ్ చేసేసింది. ఏ పాస్‌వర్డూ పగలగొట్టకుండానే ఆమె ఎక్కడెక్కడ తిరిగిందో పక్క బెంచీ వాళ్లకు తెలిసిపోయింది. కొత్త ఫోన్లలో ఇది చాలావరకు తగ్గిందంటే, పరిశోధకులు బయటపెట్టడం వల్లే. 5జీలో సిమ్ శాశ్వత గుర్తింపు సంఖ్యను ఇతరులు చదవలేకుండా ఎన్‌క్రిప్ట్ చేసి పంపే ఏర్పాటు రావడం వెనకా అలాంటి వాళ్ల శ్రమే ఉంది. 2017లో మాథీ వాన్‌హూఫ్ అనే బెల్జియం పరిశోధకుడు డబ్ల్యూపీఏ2 అనే వైఫై రక్షణ పద్ధతిలో లోపం కనిపెట్టి, ముందు కంపెనీలకు చెప్పి, సరిచేసుకునే గడువిచ్చాకే లోకానికి చెప్పాడు. మా పిల్లలు కోరుకునేదీ ఆ దారే.

అందుకే అడుగుతున్నాను. సొంత పరికరాల మీద, లేదా సిగ్నల్ బయటికి పోని గదిలో, ఎవరికీ నష్టం చేయకుండా పరీక్షించి, దొరికిన లోపాన్ని కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలిపినవారికి 42వ సెక్షన్ వర్తించదని రాతపూర్వకంగా స్పష్టం చేయండి. ప్రయోగాల కోసం రేడియో లైసెన్సులు మీ శాఖ ఇప్పటికే ఇస్తోంది. భద్రతా పరీక్షలను అందులో పేరు పెట్టి చేర్చండి, జిల్లా కాలేజీలకూ సులువుగా అందేలా చూడండి. 2023లో 100 విద్యాసంస్థలకు 5జీ ల్యాబులు ప్రకటించారు, సంతోషం. వాటిలో వ్యవసాయానికి, వైద్యానికి పనికొచ్చే ప్రయోగాలతో పాటు నకిలీ టవర్లను పసిగట్టే పరికరాలూ తయారు కానివ్వండి.

ఇంకొకటి, అన్నిటికంటే ముందు కావాల్సింది. లోపం తెలిపిన ఉత్తరానికి సంస్థలు ఫలానా గడువులోగా జవాబివ్వాలని, దాని ఆధారంగానే పంపినవాడి మీద ఫిర్యాదు చేయకూడదని నిబంధన పెట్టండి. బెదిరింపు ఫోన్ వచ్చిన రోజు విద్యార్థి ఎవరికి చెప్పుకోవాలో ఒక అధికారి పేరు, నంబరు ప్రకటించండి. వచ్చే సెమిస్టర్ మొదలయ్యేలోగా ఆ నంబరు మా ల్యాబ్ గోడ మీద అతికించాలని ఉంది.

ఇట్లు,
హనుమకొండ నుంచి ఒక ఎలక్ట్రానిక్స్ అధ్యాపకుడు