కెమెరా పెట్టమనేవాళ్లు పాస్‌వర్డ్ సంగతీ చెప్పాలి

సంపాదకుడిగారికి,

పది రోజుల కిందట మీ సిటీ పేజీలో మన నగరంలో ఇళ్లన్నీ ఎలా స్మార్ట్ అవుతున్నాయో రాశారు. ఫోన్‌లోంచే గీజరు వేసుకోవచ్చని, ఊరెళ్లినా ఇంటి గుమ్మం చూసుకోవచ్చని. చదివిన రోజు నుంచీ రాద్దామనుకుంటున్నాను. ఆ గుమ్మాన్ని మనతో పాటు ఇంకెవరు చూస్తున్నారో ఒక్క ముక్కా రాయలేదు.

మల్కాజిగిరిలో మాది ఇరవై ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. అసోసియేషన్ లెక్కలు నేనే చూస్తాను. రెండేళ్ల కిందట సెల్లార్‌లో బైక్ పోయాక తలా కొంత వేసుకుని ఎనిమిది కెమెరాలు పెట్టించాం. పోయిన నెల హార్డ్ డిస్క్ పాడై రికార్డింగ్ ఆగిపోయింది. అప్పట్లో కెమెరాలు బిగించిన పాతాయన ఫోన్ ఎత్తకపోతే వేరే అబ్బాయిని పిలిచాం. అతను నన్నేమీ అడగకుండానే అడ్మిన్ అని కొట్టి, కింద పాస్‌వర్డ్ దగ్గర ఒకటి నుంచి ఐదు దాకా అంకెలు కొట్టాడు. మా లిఫ్టు, మెట్లు, సెల్లార్ అన్నీ తెర మీదికొచ్చేశాయి. "నీకెలా తెలుసు బాబూ?" అంటే, "చాలాచోట్ల ఇదే ఉంటుంది మేడమ్, ఎవరూ మార్చరు" అన్నాడు.

సాయంత్రానికి పాతాయన దొరికాడు. మా కెమెరాలు ఆయన ఫోన్‌లో ఇంకా వస్తున్నాయట. "ఏదైనా ప్రాబ్లం వస్తే చూడ్డానికే కదండీ ఉంచుకున్నాను" అన్నాడు. రెండేళ్లుగా! మూడో నంబర్ కెమెరా సరిగ్గా వాచ్‌మన్ గది ముందుంటుంది. ఎండాకాలం వాచ్‌మన్ భార్య పిల్లల్ని పక్కన వేసుకుని అక్కడే చాప మీద పడుకుంటుంది. సంగతి తెలిసి నన్ను ఒకటే అడిగింది: "అయితే మమ్మల్ని ఆయన చూస్తున్నాడా అమ్మా?" నాకు నోట మాట రాలేదు.

ఇది మా ఒక్క బిల్డింగు గొడవ కాదు. 2016లో మిరాయ్ అనే వైరస్ ఇలాంటి, ఫ్యాక్టరీలోనే పెట్టి పంపే పాస్‌వర్డ్‌లతోనే లక్షల కెమెరాలు, డీవీఆర్‌లు (రికార్డింగ్ పెట్టెలు), రౌటర్లలోకి దూరింది. వాటన్నిటి చేతా ఒకేసారి దాడి చేయించి ఆ అక్టోబరులో అమెరికాలో పేరున్న వెబ్‌సైట్లు కొన్ని గంటల పాటు తెరుచుకోకుండా చేశారు. బ్రిటన్ 2024 ఏప్రిల్ నుంచి అలాంటి తేలిక పాస్‌వర్డ్‌లతో సరుకు అమ్మడాన్నే చట్టం పెట్టి ఆపింది. మన కేంద్రం కూడా కొత్త సీసీ కెమెరాలు ల్యాబ్ పరీక్ష దాటాకే అమ్మాలని 2025 ఏప్రిల్ నుంచి నిబంధన అమలు చేస్తోంది. మంచిదే. మరి అంతకుముందే గోడలకెక్కినవాటి మాటేమిటి?

కిరాణా కొట్టు త్రాసుకు తూనికలు కొలతల శాఖవాళ్లు ముద్ర వేస్తారు. ఆటో మీటరుకు సీలుంటుంది. కరెంటు మీటరు సీలు తెగితే మనల్నే నిలదీస్తారు. పావుకిలో పప్పు తూచే త్రాసుకున్న పట్టింపు, మనుషులు పడుకునే చోటును చూసే కెమెరాకు లేకపోతే ఎలా? 2013 నాటి ప్రజా భద్రతా చట్టం జనం ఎక్కువగా వచ్చిపోయే చోట్ల కెమెరాలు పెట్టాలని, ఫుటేజీ నెల రోజులు దాచాలని చెబుతోంది. కాలనీ మీటింగుల్లోనూ పోలీసులు పెట్టుకోమంటారు. వాటివల్ల దొంగలు దొరుకుతున్న మాట నిజమే, నేను కాదనను. అదే మీటింగులో ఇంకో రెండు నిమిషాలు, పాస్‌వర్డ్ మార్చండి, ఫిట్టర్ ఫోన్‌లోంచి తీసేయించండి అని చెబితే ఏం పోతుంది? గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టులో తొమ్మిది మంది న్యాయమూర్తులు ఏకమై చెప్పారు. ఆ హక్కు చాప మీద పడుకునే మనిషికీ ఉంది.

ఇప్పుడు ఏది కొన్నా యాప్ తప్పదు. మా అబ్బాయి కొన్న వాషింగ్ మెషీన్ లొకేషన్ అడుగుతోంది. బట్టలుతకడానికి నేనెక్కడున్నానో దానికెందుకు? పెట్టెలోని పుస్తకంలో తెలుగు ఒక్క వాక్యం లేదు. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఎన్నేళ్లిస్తారని అడిగితే షాపులో వారంటీ కార్డు చేతిలో పెట్టారు.

ఫిట్టింగ్ చేసేవాళ్లు పాస్‌వర్డ్ మార్పించామని, తమ ఫోన్‌లోంచి తీసేశామని బిల్లు మీదే రాసివ్వాలి. అలా రాయించే బాధ్యత అధికారులు తీసుకోవాలి. మీరు కూడా పాస్‌వర్డ్ ఎలా మార్చుకోవాలో అదే సిటీ పేజీలో బొమ్మలతో వేయండి.

మేం మార్చుకున్నాం. మూడో నంబర్ కెమెరాను గేటు వైపు తిప్పించాం. పక్కనున్న రెండు అపార్ట్‌మెంట్లలో కూడా అడిగి చూశాను. వాళ్ల పాస్‌వర్డ్ ఏమిటో వాళ్లకే తెలియదు.

ఇట్లు
ఒక పాఠకురాలు, మల్కాజిగిరి, హైదరాబాద్