సెన్సర్ మార్చాం, తప్పు ఎర్తు వైరుది

విశాఖలోని మా కార్ల రిపేరు షెడ్డుకి బండ్లు తెచ్చే అందరికీ నమస్కారం.

గత నెల మా చేతుల మీద ఒక తప్పు జరిగింది. అది మీకు చెప్పాలి. దాని తర్వాత మా పనిలో ఏం మార్చుకున్నామో, బండి స్టార్ట్ కాని రోజు మాకు ఫోన్ చేసే ముందు మీరు ఇంటి దగ్గరే ఏం చూసుకోవచ్చో కూడా చెప్పాలి.

లాసన్స్‌బే కాలనీలో ఉండే ఒక రిటైర్డ్ మాస్టారు తన పెట్రోల్ కారు తీసుకొచ్చారు. పొద్దున్నే సెల్ఫ్ కొడితే నాలుగైదు సార్లకి గానీ బండి అందుకోవడం లేదు. చెక్ ఇంజిన్ లైటు కూడా వెలిగే ఉంది. లోపం ఎక్కడుందో బండి కంప్యూటర్ నుంచి చదివే స్కానర్ పెడితే పి0335 అనే కోడ్ వచ్చింది. ఇంజిన్ ఎలా తిరుగుతోందో కంప్యూటర్‌కి చెప్పే క్రాంక్ పొజిషన్ సెన్సర్ సర్క్యూట్‌లో తేడా ఉందని దాని అర్థం. మా కుర్రాడు సెన్సర్ మార్చి కోడ్ చెరిపేశాడు. బండి ఒక్క దెబ్బకి అందుకుంది. మార్చమన్నది నేనే, బిల్లు రాసిందీ నేనే.

అయిదో రోజు మాస్టారు ఫోన్ చేశారు. "బాబూ, మళ్లీ అదే వరస. మనవరాలిని పరీక్షకి ఆటో ఎక్కించి పంపాను" అన్నారు. ఒక్క మాట కూడా కోపంగా అనలేదు. ఆ మధ్యాహ్నం నాకు అన్నం సహించలేదు.

మర్నాడు పొద్దున్నే మల్టీమీటర్ పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. బండి కదలకముందే బ్యాటరీ చూస్తే 12.5 ఓల్టులు, బాగానే ఉంది. మీటరు ఒక కొన బ్యాటరీ మైనస్ మీద, రెండోది ఇంజిన్ లోహం మీద పెట్టి మాస్టారిని సెల్ఫ్ కొట్టమన్నాను. అక్కడ అర ఓల్టు కంటే తక్కువ చూపించాలి. 1.6 చూపించింది. బ్యాటరీ మైనస్‌ని ఇంజిన్‌కి కలిపే ఎర్తు వైరు పైకి నల్లగా, నిగనిగలాడుతూ ఉంది. వైరు కొనన ఉండే లోహపు బిగింపు (లగ్గు) పక్కన వేలితో నొక్కితే మాత్రం లోపల గుల్లగా తగిలింది. తొడుగు చీల్చితే రాగి పోగులు పచ్చటి పొడిలా అరచేతిలోకి రాలాయి.

సెల్ఫ్ మోటారు తిరిగేటప్పుడు వంద ఆంపియర్లకి పైనే లాగుతుంది. ఆ కరెంటంతా బ్యాటరీకి తిరిగొచ్చే దారి ఈ ఎర్తే. ఆ దారి పాడైతే మోటారు ఈడ్చుకుంటూ తిరుగుతుంది, కంప్యూటర్‌కి అందే ఓల్టేజి పడిపోతుంది, సెన్సర్ పంపే సిగ్నల్ దానికి సరిగా అర్థం కాదు. అప్పుడు సెన్సర్ పేరు మీద కోడ్ రాసేస్తుంది. మరి సెన్సర్ మార్చాక నాలుగు రోజులు బాగా ఎందుకు నడిచింది? ఆ పని కోసం బ్యాటరీ వైరు విప్పి మళ్ళీ బిగించాం కదా, ఆ కదలికకి మిగిలిన పోగులు ఆ కొద్ది రోజులు అతుక్కున్నాయి, అంతే.

నేను అడగాల్సిన ప్రశ్న ఒకటి అడగలేదు. క్రాంక్ సెన్సర్ పోయిన బండి ఎక్కువగా ఇంజిన్ వేడెక్కాక ఆగిపోతుంది, అరగంట చల్లారితే మళ్ళీ అందుకుంటుంది. మాస్టారి బండి రాత్రంతా నిలబడి చల్లగా ఉన్నప్పుడే మొరాయించింది. ఆ ఒక్క తేడా పట్టుకుని ఉంటే కోడ్‌ని అంత గుడ్డిగా నమ్మేవాడిని కాదు. సెన్సర్ డబ్బులు, కూలి మొత్తం ఆయనకి తిరిగి ఇచ్చేశాను. ఎర్తు వైరు మా ఖర్చుతోనే వేశాం.

ఇక మీరు చూసుకోవాల్సినవి. ముందు బండి న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, తాళం తిప్పి వినండి. టకటకటక అని వరసగా కొట్టుకుంటే బ్యాటరీ దిగిపోయింది, లేదా టెర్మినల్ వదులైంది. ఒక్కసారి 'టక్'మని ఊరుకుంటే, హెడ్‌లైట్లు మాత్రం బాగా వెలుగుతుంటే, అనుమానం సెల్ఫ్ మోటారు వైపు పోవాలి. సెల్ఫ్ హుషారుగా తిరుగుతున్నా బండి అందుకోకపోతే పెట్రోలో, స్పార్కో అందడం లేదు. అప్పుడు తాళం ఆన్ చేసి వెనక సీటు దగ్గర చెవి పెట్టండి. చాలా పెట్రోల్ బండ్లలో పంపు రెండు సెకన్లు సన్నగా రొద చేస్తుంది. అది వినిపించకపోతే ముందు ఫ్యూజు చూడండి. తాళం బొమ్మ లైటు ఆగకుండా మిణుకుతుంటే బండి ఆ తాళాన్ని గుర్తుపట్టడం లేదేమో, ఇంట్లో ఉన్న రెండో తాళంతో ప్రయత్నించండి.

తాళం ఆన్ చేయగానే చెక్ ఇంజిన్ లైటు వెలగాలి, బండి అందుకున్నాక ఆరిపోవాలి. అసలు వెలగకపోతే లోపం లేదని సంతోషించకండి. కంప్యూటర్‌కే కరెంటు అందడం లేదేమో చూడాలి. నడుస్తుండగా లైటు నిలకడగా వెలిగితే, బండి మామూలుగానే లాగుతుంటే, నెమ్మదిగా షెడ్డు దాకా రావచ్చు. లైటు కొట్టుకుంటూ బండి కుదుపుతుంటే మాత్రం మిస్‌ఫైర్ అవుతోందన్నమాట, అంటే ఇంజిన్‌లో పెట్రోల్ సరిగా మండడం లేదు. కాలని పెట్రోల్, పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి దాన్ని కాల్చేస్తుంది, ఆ పార్టు చాలా ఖరీదు. పక్కకి ఆపి ఫోన్ చేయండి. ఎర్రటి ఆయిల్ లైటు వెలిగినా వెంటనే ఆపేయండి. వానల్లో చావులమదుం లాంటి చోట నీళ్ళలో బండి ఆగిపోతే, దయచేసి మళ్ళీ సెల్ఫ్ కొట్టకండి. ఇంజిన్‌లోకి నీళ్ళు పోయి ఉంటే పిస్టన్లని పట్టి ఉంచే కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి.

మన విశాఖలో బీచ్ రోడ్డు, పెదవాల్తేరు, రుషికొండ వైపు ఉన్నవాళ్ళు నెలకోసారి బానెట్ ఎత్తాల్సిందే. ఉప్పు గాలి తేమని పట్టి ఉంచి లోహాన్ని తినేస్తుంది. టెర్మినల్ మీద తెల్లగానో, పచ్చగానో బూజులా కనిపిస్తే ముందు మైనస్ విప్పండి, తర్వాత ప్లస్. గ్లాసు గోరువెచ్చని నీళ్ళలో చెంచా వంటసోడా కలిపి పాత టూత్ బ్రష్‌తో తోమండి. ఆ నీళ్ళు బ్యాటరీ మూతల్లోకి పోకూడదు. ఆరాక ప్లస్ ముందు, మైనస్ చివర బిగించి పైన వాజ్‌లైన్ రాయండి. ఎర్తు వైరుని లగ్గు దగ్గర ఒకసారి నొక్కి చూడటం మరవకండి.

2013 ఏప్రిల్ తర్వాత తయారైన చాలా కార్లలో స్టీరింగ్ కింద స్కానర్ తగిలించే పదహారు పిన్నుల సాకెట్ ఉంటుంది. చిన్న బ్లూటూత్ స్కానర్ కొని మీరే కోడ్ చదువుకోవచ్చు, మాకేం అభ్యంతరం లేదు. చదవండి, ఫోటో తీయండి, కానీ చెరపకండి. లోపం పుట్టినప్పుడు ఇంజిన్ వేడి ఎంత, స్పీడు ఎంత అన్న లెక్కలు కోడ్‌తో పాటే ఉంటాయి. చెరిపితే అవీ పోతాయి, మాకు ఆధారం ఉండదు.

మా వైపు నుంచి ఇకమీదట కోడ్ చదవడానికి డబ్బు తీసుకోం. కోడ్ చూసి పార్టు మార్చం. ముందు మీటరుతో కొలిచి, వచ్చిన అంకె మీకు చూపించి, మీరు సరేనన్నాకే చేయి వేస్తాం. మార్చిన పాత పార్టు మీ చేతికే ఇస్తాం. మూడేళ్ళు దాటిన బ్యాటరీకీ, ఎర్తుకీ ఆదివారం పొద్దున్న 8 నుంచి 11 దాకా ఉచితంగా పరీక్ష చేస్తాం. గత ఆరు నెలల్లో మా దగ్గర సెన్సర్ మార్పించుకున్నవాళ్ళకి మళ్ళీ అదే ఇబ్బంది వచ్చి ఉంటే, మొహమాటపడకుండా బిల్లు పట్టుకుని రండి. ఆ బండ్లని నేనే దగ్గరుండి చూస్తాను.