మోకాలి లిగమెంటు తెగితే ఆపరేషన్ ఎప్పుడు?

సంపాదకులకు నమస్కారం.

సంక్రాంతి కబడ్డీ పోటీల్లో మోకాలు వాచిన కుర్రాళ్లకు తరచుగా వినబడే మాట: ఎక్స్‌రేలో ఎముక బాగుంది, బెణుకే. ఎముకలను కలిపి పట్టి ఉంచే లిగమెంటు ఎక్స్‌రేలో కనబడదు. కూతకు వెళ్లినవాడు గిరుక్కున తిరిగినప్పుడు మోకాల్లో టప్‌మని చప్పుడై, రెండు మూడు గంటల్లోనే వాపు వస్తే కీలులోకి రక్తం చేరినట్టే. ముందు ఏసీఎల్ (కింది ఎముక ముందుకు జారకుండా మోకాలి మధ్యలో పట్టి ఉంచే లిగమెంటు) తెగిందనే అనుమానించాలి. మోకాలిని 20-30 డిగ్రీలు వంచి, కింది ఎముకను ముందుకు లాగి చూసే లాక్‌మన్ పరీక్షలో చాలావరకు తేలిపోతుంది. మోకాలి ఎముకల మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్ చిరిగిందో లేదో చూడటానికి ఎంఆర్‌ఐ కావాలి.

ఆ తర్వాత కొందరు ఆ వారమే ఆపరేషన్ చేసేయమంటారు. ఇంకొందరు నాటు కట్టు వేయించి వారాల తరబడి కాలు కదపనివ్వరు. రెండూ చేటే. వాపు, వేడి తగ్గని మోకాలికి ఆపరేషన్ చేస్తే లోపల మచ్చకండ (గాయం మానేచోట ఏర్పడే గట్టి కణజాలం) పెరిగి కీలు బిగుసుకుపోయే ప్రమాదం ఎక్కువ. అప్పుడు కొత్త లిగమెంటు ఎంత చక్కగా అమర్చినా కుంటు పోదు. వాపు దిగాలి, రెండో కాలితో సమానంగా చాచగలగాలి, 120 డిగ్రీల దాకా వంగాలి. చాలామందికి ఇందుకు 3 నుంచి 6 వారాలు పడుతుంది.

ఈ వారాల్లో చేసే పని మీదే సగం ఫలితం ఆధారపడుతుంది. ఐసును గుడ్డలో చుట్టి 15-20 నిమిషాలు, రోజుకు నాలుగైదుసార్లు పెట్టాలి. హాయిగా ఉంటుందని మోకాలి కింద దిండు పెడతారు. కాలు ఆ వంపులోనే బిగుస్తుంది. చుట్టిన తువ్వాలు మడమ కింద పెట్టాలి. మోకాలి వెనక భాగాన్ని మంచం వైపు నొక్కుతూ తొడ కండ బిగించి, ఐదారు సెకన్లు ఆపి వదలాలి. ఇలా పదేసిసార్లు, రోజుకు నాలుగైదు విడతలు. కాలు పైకెత్తినప్పుడు మోకాలు వంగకుండా నిలిస్తే కండ దారికి వచ్చినట్టు. మర్దన మాత్రం వద్దు.

ఏసీఎల్ తెగిన ప్రతివాళ్లకూ ఆపరేషన్ అక్కర్లేదు. స్వీడన్‌లో 121 మందిపై జరిగి 2010లో తొలి ఫలితాలు, 2013లో అయిదేళ్ల ఫలితాలు వెలువడిన అధ్యయనంలో, ముందు వ్యాయామ చికిత్సతో మొదలుపెట్టిన వారిలో దాదాపు సగం మంది అయిదేళ్ల తర్వాత కూడా ఆపరేషన్ లేకుండానే ఉన్నారు. కానీ నడకలో మోకాలు జారిపోతున్నా, మళ్లీ కబడ్డీ ఆడాలన్నా నెలల తరబడి నాన్చకూడదు. జారిన ప్రతిసారీ మెనిస్కస్ నలుగుతుంది. కుట్టు వేయగలిగే చిరుగు చివరికి ముక్క తీసేయాల్సినదవుతుంది. ఆపరేషన్ అయ్యాక కూడా 9 నెలల లోపు బరిలోకి దిగకూడదు.

కొన్ని గాయాలు ఇంతకాలం ఆగవు. మోకాలు మధ్యలో ఇరుక్కుని చాచుకోకపోతే చిరిగిన మెనిస్కస్ అడ్డుపడి ఉండొచ్చు, వెంటనే చూపించాలి. బయటివైపు లిగమెంట్లు కూడా తెగితే 2-3 వారాల్లోపు సరిచేస్తేనే మేలు. మోకాలు పూర్తిగా తప్పితే వెనక ఉన్న రక్తనాళం తెగొచ్చు. తప్పిన కీలు దానంతటదే సర్దుకున్నా ఆ ముప్పు పోదు. పాదం చల్లబడినా, పాలిపోయినా, మడమ పక్కన నాడి అందకపోయినా 6 గంటల్లోపు రక్తప్రసరణ పునరుద్ధరించాలి, లేదంటే కాలే పోవచ్చు. పోటీల నిర్వాహకులు మైదానంలో ఐసు, కాలికి కట్టే చెక్కబద్దలు, ఒక వాహనం సిద్ధంగా ఉంచాలని, రక్తనాళాల సర్జన్ ఉన్న ఆసుపత్రి ఏదో ముందే తెలుసుకోవాలని కోరుతున్నాం.

– కొందరు ఫిజియోథెరపిస్టులు, విజయవాడ