మంచు మీద నడకకు ఒక వేకువ కేటాయించండి

సంపాదకులకు నమస్కారం.

విజయవాడ, గుంటూరుల నుంచి మనాలీ యాత్రలు నడిపే నిర్వాహకులకు మీ పత్రిక ద్వారా ఒక విన్నపం చేయదలచాను: యాత్రలో ఒక్క ఉదయమైనా మంచు మీద నడకకు కేటాయించండి, అదీ తెల్లవారుజామునే.

నిరుడు మార్చి చివరి వారంలో, ఇక్కడ పదింటికే గడప దాటలేని ఎండలు మొదలైన రోజుల్లో, మేము మనాలీకి అవతల, లాహౌల్ లోయలోని సిస్సు గ్రామానికి వెళ్ళాము. మొదటి రోజు నిర్వాహకులు మమ్మల్ని అక్కడికి చేర్చేసరికి పన్నెండు దాటింది. ఎండకు మెత్తబడిన మంచులో, దమ్ము చేసిన మడిలో దిగబడినట్టు, కాలు మోకాలిదాకా దిగిపోయింది. అరగంటలో ఫొటోలు తీసుకుని తడిసిన బూట్లతో తిరిగివచ్చాము. ఇంత దూరం వచ్చింది ఇందుకా అనిపించి, ఆ రాత్రి సిస్సులోనే ఉండిపోయి, మర్నాటికి ఒక స్థానిక గైడును విడిగా మాట్లాడుకున్నాము.

ఆయన ఉదయం ఆరింటికే మాకు స్నోషూలు కట్టించారు. బూటు కింద బిగించే ఆ వెడల్పాటి చట్రం మనిషి బరువును ఎక్కువ మేరకు పరుస్తుంది గనుక కాలు దిగబడదు. అడుగునున్న లోహపు పళ్ళు గట్టి మంచును పట్టుకుంటాయి. మడమ విడిగా పైకి లేస్తుంది గనుక కాళ్ళు కాస్త ఎడంగా వేయడం తప్ప కొత్తగా నేర్చుకోవలసింది పెద్దగా లేదు. అరవై దాటిన నా శ్రీమతి పావుగంటలో అలవాటుపడింది.

చలికాలం చివరి మంచు పగలు కరిగి, రాత్రి మళ్ళీ గడ్డకట్టి, తెల్లవారేసరికి పంచదార పలుకుల్లాంటి గట్టి పొరగా తయారవుతుంది. దాని మీద అడుగులు కరకరలాడుతుంటే, పక్కన చంద్రా నది సవ్వడి వింటూ, ఎదుటి శిఖరాల మీది నుంచి ఎండ మెల్లగా లోయలోకి దిగడం చూస్తూ నడిచాము. తొమ్మిదింటికి స్వెటర్లు విప్పవలసి వచ్చింది. నడివేసవి దాకా ఆగితే అక్కడ ఈ మంచు ఉండదు, జనవరిలో వెళితే ఈ వెచ్చదనం ఉండదు.

ఎండ ఎక్కేకొద్దీ మంచులో నీరు చేరి, వాలుల మీది నుంచి చరియలుగా జారిపడే ప్రమాదం పెరుగుతుంది. అందుకే ఆ గైడు మమ్మల్ని కొండవాలుల కిందికి పోనివ్వక, నది పక్క చదునులోనే నడిపించి, పదింటికల్లా వెనక్కి తెచ్చారు. చండీగఢ్‌లోని డీజీఆర్‌ఈ అనే రక్షణశాఖ పరిశోధన సంస్థ ఇచ్చే మంచుచరియల హెచ్చరికలను చూసుకోకుండా ఎవరూ బయలుదేరరాదు. నల్ల కళ్ళద్దాలు కూడా తప్పనిసరి. వాటిని గదిలో మరిచిన మా అబ్బాయి కళ్ళు సాయంత్రం దాకా మండుతూనే ఉన్నాయి.

3,978 మీటర్ల ఎత్తున ఉన్న రోహ్‌తాంగ్ కనుమ మంచుతో మూసుకుపోయినన్నాళ్ళూ ఈ లోయకు మనాలీ వైపు నుంచి రోడ్డు దారి ఉండేది కాదు. 2020 అక్టోబరు 3న ప్రారంభమైన 9.02 కిలోమీటర్ల అటల్ సొరంగం ఆ అడ్డు తొలగించింది. కాబట్టి నిర్వాహకులు ఒక రాత్రి బసను మనాలీ నుంచి సిస్సుకు మార్చి, స్థానిక గైడును, స్నోషూలను ముందే కుదిర్చి, ఉగాది రోజుల్లో వెళ్ళేవారికి ఈ ఏర్పాటు చేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
బ్రాడీపేట, గుంటూరు