నీటిని కొలిచే చోటే చేపనూ లెక్కించాలి

సంపాదకులకు,

అయ్యా,

వానాకాలమంతా భద్రాచలం వద్ద గోదావరి ఎన్ని అడుగులకు చేరిందో మీ పత్రికలో ప్రతిరోజూ అచ్చవుతూనే ఉంటుంది. 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది అన్న లెక్క మహారాష్ట్రలో ఉన్న మా సిరోంచ తాలూకా బడిపిల్లలకు సైతం నోటికి వచ్చు. అయితే ఆ అంకెను తేల్చే నీటిలో అధికభాగం మా ఊళ్లను తాకిన తరువాతనే అక్కడికి చేరుతుందన్న సంగతి దిగువవారికి అంతగా తట్టదు. వార్ధా, వైన్‌గంగా కలిసి ప్రాణహితగా మారి కాళేశ్వరం ఎదుట గోదావరిలో పడుతుంది. మరికొంత దిగువన ఇంద్రావతి వచ్చి చేరుతుంది. ఒక్క ప్రాణహిత పరీవాహక ప్రాంతమే 1,09,000 చదరపు కిలోమీటర్ల పైచిలుకు, అంటే మొత్తం గోదావరి పరీవాహకంలో మూడో వంతుకు మించినది. ఇంత నీటిని ప్రభుత్వం శ్రద్ధగానే కొలుస్తున్నది. ఆ నీటిలో బతికే చేపను మాత్రం ఎవరూ లెక్కించడం లేదు. నా ఫిర్యాదల్లా దాని గురించే.

కొలిచేవారిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కేంద్ర జల సంఘానికి ప్రాణహితపై టేక్రాలో, ఇంద్రావతిపై పాతగూడెంలో, గోదావరిపై పేరూరులో పరిశీలన కేంద్రాలున్నాయి. అక్కడి సిబ్బంది నది అడ్డకొలతను భాగాలుగా విడగొట్టి, ఒక్కొక్క భాగంలో నీటి లోతు చూసి, పై నుంచి పదింట ఆరు వంతుల లోతున గిన్నెల చక్రం ఉన్న మీటరును దించి, అది నిర్ణీత కాలంలో ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి ప్రవాహ వేగం కడతారు. సీసాలో నీరు పట్టి ఒండ్రు తూచుతారు. వరద రోజుల్లో రాత్రనక పగలనక గంటగంటకూ గేజి (నీటిమట్టం చూపే కొలబద్ద) చదువుతారు. గంగా, బ్రహ్మపుత్రల వివరాలకు ఉన్న గోప్యత గోదావరి వివరాలకు లేదు కనుక, కావలసినవారు వాటిని తెప్పించుకొని చూడవచ్చు. మా సీమకు ఈ కొలతలు కొత్తవీ కావు. ఇంగ్లీషు హయాంలో ఎగువ గోదావరి జిల్లాకు సిరోంచే ముఖ్యపట్టణం. సముద్రతీరం నుంచి వార్ధా దాకా పడవలు నడపాలన్న పథకం కోసం అప్పట్లోనే ఈ నదిని కొలిచారు. ఆ పథకం సగంలో ఆగిపోయిందనుకోండి.

చేపల విషయానికి వస్తే, ఆ పనికి ప్రత్యేకించిన సంస్థ లేదని కాదు. కేంద్ర అంతర్దేశీయ మత్స్య పరిశోధన సంస్థ 1947లో, స్వాతంత్ర్యానికి కొద్ది నెలల ముందే ఏర్పడింది. దాని ప్రధాన కార్యాలయం పశ్చిమ బెంగాల్‌లోని బరాక్‌పూర్‌లో ఉంది. 1957లో ఒడిశాలో డాక్టర్ హీరాలాల్ చౌధురి, డాక్టర్ కె.హెచ్. అలికున్హి చేపకు పిట్యూటరీ గ్రంథి రసాన్ని సూదిమందుగా ఇచ్చి గుడ్లు పెట్టించారు. ఏటా జూలై 10న జాతీయ మత్స్య రైతుల దినం జరుపుకుంటున్నది ఆ విజయానికి గుర్తుగానే. అంతకు ముందు చేపపిల్ల కావాలంటే నదిలో గుడ్డల వలలు కట్టి ఏరుకోవలసి వచ్చేది. ఆ అవసరం తీరడంతో చెరువుల పెంపకం ఎంతో ఎత్తుకు ఎదిగింది; దానిని కాదనలేము. కాని నా అభిప్రాయంలో, చెరువు నదిని అడగడం మానేసిన నాటి నుంచే ప్రభుత్వం కూడా నది వంక చూడడం తగ్గించింది.

నది చేపకు వరద శత్రువు కాదు, పురిటి గడియ. తొలకరికి కొత్త నీరు దిగి, రంగు మారి, మట్టం పెరగడం మొదలయ్యాక బొచ్చె, రవ్వు వంటి కార్పు జాతి చేపలు ఏరు ఎదురెక్కి, గట్లు దాటిన పల్లపు నీట గుడ్లు వదులుతాయి. ఆ గుడ్లు రాయికో గడ్డికో అంటుకొని ఉండేవి కావు. నీటితోపాటు సాగిపోతూనే ఒక రోజులోపు పొదుగుతాయి. కనుక నీరు ఎప్పుడు వచ్చింది, ఎంత వడిగా పెరిగింది, ఎన్నాళ్లు నిలిచింది, ఎంత నెమ్మదిగా తీసింది అన్న సంగతులే ఆ ఏటి సంతానాన్ని నిర్ణయిస్తాయి. ఇవన్నీ టేక్రా గేజి పుస్తకం నుంచి తీయవచ్చు. ఆ ఏడు మా రేవుల్లో చేప పడిందా లేదా అన్నది మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. జూన్‌లో రేవుకు వచ్చిన వాలుగ పొట్ట కోసే ఆడవాళ్లు గుడ్ల తిత్తిని వేళ్లతో తడిమి, అది నిండుగా ఉన్నదో, గుడ్డు రాలి వదులైపోయిందో చూడకుండానే చెప్పగలరు. అంతటి పరిశీలన మధ్యాహ్నానికల్లా కూరగిన్నెలో కలిసిపోతున్నది.

దీనివల్ల జరిగిన నష్టానికి మేడిగడ్డ కంటే పెద్ద ఉదాహరణ అక్కరలేదు. 85 గేట్ల ఆ బరాజ్ ఒక కొస మా తాలూకాలోని పోచంపల్లి వద్దనే ఉంది. 2019 జూన్‌లో దానిని ప్రారంభించారు; పారే నది మా ఇసుకతిన్నెల మీద నిలవ నీరయింది. 2023 అక్టోబరు 21న స్తంభాలు కుంగిన తరువాత గేట్లు ఎత్తి ఆ నీటిని వదిలేశారు. నిలవ నీరు మళ్లీ పారే నది అయింది. ఐదేళ్లలోపు ఒకే చోట నది రెండుసార్లు స్వభావం మార్చుకోవడం, కావాలని కోట్లు పోసినా ఏర్పాటు చేయలేని ప్రయోగం. ఆ కాలమంతా వాలుగ, జెల్ల, కొర్రమట్ట, పాపెర ఏ రేవులో ఎంత పడ్డాయో రోజూ రాసిన లెక్క ఉండి ఉంటే, ఇకముందు ఈ నది మీద ఏ కట్ట కట్టాలన్నా, చేపలు కట్ట దాటి ఎగువకు పోయేందుకు మెట్లు పెట్టాలా వద్దా అన్న చర్చకు అదే ఆధారమయ్యేది. ఇప్పుడు మా వద్ద మిగిలినవి నోటి మాటలే. జాలరులు తగ్గిందంటారు, అధికారులు రుజువేదంటారు, రెండింటికీ కాగితం లేదు. విచిత్రమేమిటంటే, ఇదే తాలూకాలోని కోటా గ్రామం దగ్గరి సున్నపురాళ్లలో దొరికిన జురాసిక్ యుగపు మంచినీటి చేపలకు పంతొమ్మిదవ శతాబ్దంలోనే శాస్త్రనామాలు పెట్టి పొలుసులతో సహా వర్ణించి పెట్టారు. కోట్ల ఏళ్ల కిందట చచ్చిన చేపకు దక్కిన మర్యాద నిన్న వలలో పడిన చేపకు దక్కలేదు.

చేపపిల్లలను నదుల్లో వదిలే కార్యక్రమం ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో ఉంది. మంచిదే. కాని వదలకముందు ఏమున్నదో, వదిలిన తరువాత ఏమి మిగిలిందో లెక్కించకపోతే దానికి సాక్ష్యం ఫొటో ఒక్కటే అవుతుంది. పైగా హేచరీలో పుట్టిన బొచ్చె, రవ్వు పిల్లలు వాలుగకూ జెల్లకూ బదులు కాజాలవు.

నీరు జలశక్తి శాఖదనీ, చేప మత్స్య శాఖదనీ, నది మూడు రాష్ట్రాలదనీ జవాబు వస్తుందని నాకు తెలుసు. నేను కోరేది కొత్త కార్యాలయం కాదు, ఒక పుస్తకం. గేజి చదివే రేవులోనే, మత్స్య సహకార సంఘంలో అక్షరం వచ్చిన ఒకరికి కొద్దిపాటి గౌరవ వేతనమిచ్చి, తెల్లవారి దిగిన చేప జాతి, పొడవు, బరువు, గుడ్లు ఉన్నవీ లేనివీ, పట్టింది తంగూసు వలతోనా గాలంతోనా అన్నవి రాయించవచ్చు. నమూనా పత్రాన్ని బరాక్‌పూర్ సంస్థవారు తయారుచేసి, ఏడాదికి కొన్ని సార్లు వచ్చి తూకాన్నీ జాతుల గుర్తింపునూ సరిచూస్తే చాలు. ఆ పుటకు పక్కనే ఆనాటి నీటిమట్టం, ప్రవాహం వేస్తే ఇద్దరి పనీ ఒకచోట చేరుతుంది.

అదే పుస్తకంలో ఇంకొక వరుస కూడా ఉండాలని నా మనవి. 2022 జూలైలో భద్రాచలం వద్ద 71.3 అడుగులు నమోదైన వరదలో మా పంట భూములు మునిగింది ఎదుటి ప్రవాహం వల్ల మాత్రమే కాదు. నది నిండిపోవడంతో వాగులు ఎగదన్ని, ఊరి వెనుక నుంచి పత్తి చేలలోకి నీరు వచ్చింది. టేక్రాలో ఎంత మట్టానికి ఏ వాగు ఎగదన్నుతుందో తలాఠీ (గ్రామ రెవెన్యూ ఉద్యోగి) వద్ద రాతపూర్వకంగా ఉంటే, పంట నష్టం పంచనామా నాడు రైతు బతిమాలుకోవలసిన పని ఉండదు. జల సంఘం 2023 ఆగస్టులో ఫ్లడ్‌వాచ్ యాప్‌ను ఇంగ్లిష్, హిందీ భాషల్లో విడుదల చేసింది. మా రేవుల్లో ఆ రెండూ ధారాళంగా చదివేవారు తక్కువ.

రానున్న జూన్ మొదటి వానలకు ముందే టేక్రా రేవులో ఇటువంటి పుస్తకం ఒకటి తెరిపించాలనీ, దాని శీర్షికలు మరాఠీతోపాటు తెలుగులోనూ ఉండాలనీ, ప్రతి వారం దాని నకలు గ్రామ పంచాయతీ గోడకు అంటించాలనీ గడ్చిరోలి జిల్లా కలెక్టరునూ, సంబంధిత రెండు సంస్థలనూ మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
సిరోంచ తాలూకా, గడ్చిరోలి జిల్లా, మహారాష్ట్ర