తొంభై బై వంద అడిగితే వంద బై తొంభై వేశారు

ఒంగోలు,
21 జులై 2025.

టైర్ల కంపెనీ కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: 125 సీసీ స్కూటరుకు మీ డీలరు తప్పు సైజు వెనక టైరు వేయడం, అదే కారణం చూపించి మీరు వారంటీ ఇవ్వననడం గురించి.

అయ్యా,

నేను చీమకుర్తిలో ఒక గ్రానైట్ ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తాను. రోజూ ఒంగోలు నుంచి స్కూటరు మీదే వెళ్లొస్తాను. పోనూ రానూ నలభై కిలోమీటర్ల పైమాటే. పొద్దున పూట సంతనూతలపాడు దాకా మా ఆవిడ కూడా వెనక కూర్చుంటుంది, అక్కడి బడిలో టీచరు. మా కర్నూలు రోడ్డు సంగతి మీకు తెలియకపోవచ్చు. గెలాక్సీ గ్రానైట్ రాయి దిమ్మెలు వేసుకుని లారీలు, టిప్పర్లు వరస కట్టి పోతుంటాయి. వాటిలోంచి రాలిన రాతి పెళ్లలు అంచుల్లో కత్తిపీటల్లా ఉంటాయి. నాలుగు చినుకులు పడితే రాతిపొడి బురదై టైరు కింద జారుతుంది. అందుకే టైరు దగ్గర రెండొందలు మిగుల్చుకుందామనే ఆలోచన నాకు ఏనాడూ లేదు.

ఈ ఫిబ్రవరిలో వెనక టైరు గాడులు అరిగి, లోపలుండే అరుగుదల గుర్తు మిట్టలతో సమానమయ్యాయి. ఏ టైరు వేయాలని అడిగితే ఫ్యాక్టరీలో ఒక్కొక్కరూ ఒక్కో మాట చెప్పారు. వెడల్పాటిది వేయించు, పట్టు బాగుంటుందన్నాడొకడు. అరిగిన టైరు మీదే కొత్త రబ్బరు అతికించి రీసోలు చేయించమన్నాడు ఇంకొకడు (అతను టిప్పర్ డ్రైవరు, ఆయన లోకం వేరు). నేను మాత్రం బండి కంపెనీ మొదట ఏ సైజు ఇచ్చిందో అదే వేయించాలనుకున్నాను. మాన్యువల్లో స్పష్టంగా ఉంది: ముందు 90/90-12, వెనక 90/100-10. అది కాగితం మీద రాసుకుని ఒంగోల్లో మీ బోర్డు పెట్టుకున్న డీలరు దగ్గరికి వెళ్లాను.

కౌంటర్లో కుర్రాడు నా కాగితం పక్కన పెట్టి, మీ కంపెనీ యాప్‌లో నా బండి మోడల్ కొట్టి, "సార్, మీ బండికి ఇదే చూపిస్తోంది" అని టైరు తెప్పించాడు. నేను ఊరికే తలూపలేదు. టైరు పక్క గోడ మీద తేదీ అంకెలు చూశాను, 3824 అని ఉంది. అంటే 2024లో 38వ వారం సరుకు, తాజాదే. ఐఎస్ఐ గుర్తు చూశాను. తిరిగే దిక్కు చూపించే బాణం సరిగ్గా ముందుకు ఉండేలా దగ్గరుండి బిగించించాను. ఇంత చూసినవాడివి సైజు చూసుకోలేదా అంటారేమో. చూశాను. తొంభై ఉంది, వంద ఉంది, పది ఉంది. సరిపోయిందనుకున్నాను. పొద్దున్నుంచి రాత్రి దాకా అంకెలతో బతికేవాణ్ణి, నాకే పట్టుబడలేదు. టైరు మీద ఉన్నది 100/90-10.

మీకు తెలియనిది కాదు గానీ ఈ ఉత్తరం చదివే ప్రతివారికీ తెలియాలి కాబట్టి రాస్తున్నాను. మొదటి అంకె టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండోది ఆ వెడల్పులో ఎంత శాతం ఎత్తు ఉంటుందో చెప్పేది. మూడోది రిమ్ము వ్యాసం, అంగుళాల్లో. తొంభైకి వంద శాతం అన్నా తొంభై మిల్లీమీటర్ల ఎత్తే, వందకి తొంభై శాతం అన్నా తొంభై మిల్లీమీటర్ల ఎత్తే. అందుకే రెండూ ఒకే రిమ్ముకి ఎక్కుతాయి, చక్రం ఎత్తు కూడా తేడా రాదు. కంటికి తప్పే కనపడదు. వెడల్పు మాత్రం పది మిల్లీమీటర్లు పెరుగుతుంది, పక్కకి అయిదేసి చొప్పున. నా బండిలో ఎడమవైపు ఇంజన్ కేసుకీ టైరుకీ మధ్య అసలే చిటికెన వేలు పట్టని సందు.

ఒక్కణ్ణే వెళ్లినప్పుడు ఏమీ తెలిసేది కాదు. మా ఆవిడ ఎక్కి, గతుకులో పడితే మాత్రం కింద నుంచి గరగరమని చప్పుడు. సంతనూతలపాడులో ఆవిడ దిగగానే చప్పుడు పోయేది. "నేను ఎక్కితేనే మోగుతోందా బండి?" అని ఆవిడ నిష్ఠూరమాడింది కూడా. ఒక ఆదివారం స్టాండు వేసి టార్చి పెట్టి చూస్తే, కేసు మీద రబ్బరు రాసుకున్న నల్లటి చార. టైరు ఎడమ భుజం మీద ఆ మేర నున్నగా పాలిష్ పట్టినట్టుంది. జూన్ చివరికి పక్క గోడ మీద గచ్చకాయంత బుడ్డ లేచింది. పంక్చర్ షాపతను వేలితో నొక్కి, "అన్నా, లోపల దారాలు తెగినయి, ఎప్పుడన్నా పేలుద్ది. అయినా ఇది మీ బండి సైజు కాదు కదన్నా" అన్నాడు. మీ యాప్‌కి తెలియనిది రోడ్డు పక్కన కంప్రెసర్ పెట్టుకున్న మనిషికి ఒక్క చూపులో తెలిసింది.

మీ డీలరుకి టైరు అప్పగిస్తే, పది రోజులకి క్లెయిము కాగితం వచ్చింది. "వాహనానికి సిఫార్సు చేయని సైజు అమర్చారు, క్లెయిము తిరస్కరించడమైనది." అమర్చారట. ఎవరు అమర్చారో ఆ వాక్యంలో లేదు. మీ డీలరు ఇచ్చిన బిల్లులో నా బండి మోడల్, రిజిస్ట్రేషన్ నంబరు, దాని పక్కనే 100/90-10 సైజు, 1,700 రూపాయల ధర, బిగింపు కూలీ అన్నీ ఒకే వరసలో ఉన్నాయి.

న్యాయం చెప్పాలంటే, రాయి తగిలి దారాలు తెగాయని మీరు రాసి ఉంటే నేను ఇంత గట్టిగా నిలబడలేను. మా రోడ్డు అలాంటిదే మరి. గాలి తక్కువగా ఉందనడానికి వీల్లేదు, ఇద్దరం ఎక్కే బండి గనక మాన్యువల్లో చెప్పినట్టు వెనక 36 పెట్టిస్తాను, వారం వారం చూపిస్తాను. కానీ మీరు ఆ రెండూ రాయలేదు. మీ మనిషి చేసిన తప్పునే నా మీద రుద్దారు. వెడల్పు టైరు ఎక్కువ బరువు మోస్తుంది కదా అని డీలరు సర్దిచెప్పబోయాడు. నిజమే, మోస్తుంది. మోసే టైరు రాసుకోకుండా తిరగాలి కదా!

కాబట్టి 1,700 రూపాయలూ బిగింపు కూలీతో సహా వాపసు ఇవ్వండి, లేదా ఖర్చు లేకుండా 90/100-10 టైరు వేయించండి. వాడినంత అరుగుదలకి కోత పెడతామంటే ఒప్పుకోను, అడగని సైజుకి అరుగుదల లెక్కేమిటి? యాప్‌లో నా మోడల్ దగ్గరున్న సైజు కూడా సరిచేయండి, ఒంగోల్లో ఈ బండ్లు నా ఒక్కడివే కాదు.

పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, ఆ తర్వాత ఇక్కడి జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. అయిదు లక్షల లోపు ఫిర్యాదుకి అక్కడ ఫీజు కూడా లేదు. బిల్లు, క్లెయిము కాగితం, కేసు మీది చార, టైరు మీది బుడ్డ ఫొటోలు జత చేశాను. ప్రస్తుతం వేరే కంపెనీ టైరు కొని వేసుకున్నాను. మీరు తిప్పి పంపిన టైరు మా వరండాలో ఉంది. మీ మనిషి వచ్చి చూసుకోవచ్చు, సాయంత్రం ఏడు తర్వాత అయితే నేనూ ఉంటాను.

ఇట్లు,
మీ వినియోగదారుడు